పాత గేమ్ బాయ్ బాట్మన్: కష్టం ఆటదా, మన చేతిలో ఉన్న డబ్బాదా?

పాత వీడియో గేమ్‌ల మాట వస్తే చాలు, ఎవరో ఒకరు అనేస్తారు: అప్పట్లో ఆటలు కావాలనే కష్టంగా చేసేవాళ్ళు, ఇప్పటివాళ్ళకి ఓపిక లేదు అని. అందులో కొంత నిజం ఉంది గానీ, ఆ మాట నమ్మి చాలామంది మంచి ఆటల్ని మొదటి స్టేజీలోనే వదిలేస్తున్నారు, నాకు బాధగా ఉండేది అక్కడే. నింటెండో తెచ్చిన, చేతిలో పట్టుకుని ఆడే పాత యంత్రం గేమ్ బాయ్ కోసం కోనామీ అనే కంపెనీ 1993లో తెచ్చిన 'బాట్మన్: ది యానిమేటెడ్ సిరీస్' ఆటనే తీసుకోండి. టీవీ కార్టూన్ ఆధారంగా చేసిన ప్లాట్‌ఫార్మ్ గేమ్ అది, అంటే బొమ్మని పక్కనుంచి చూస్తూ, నడిపిస్తూ, గెంతిస్తూ, అడ్డొచ్చిన దొంగల్ని కొట్టుకుంటూ స్టేజీ చివర కాచుకుని ఉన్న విలన్ దాకా వెళ్ళే రకం. ఇవాళ బెంగళూరులో దీన్ని ఫోన్లోనో, చైనా నుంచి వచ్చే, చేతిలో పట్టుకుని ఆడే చిన్న హ్యాండ్‌హెల్డ్‌లోనో వేసుకుని ఆడేవాళ్ళని అడగండి, సగంమంది చెప్పేది ఒకటే: నేను సరిగ్గానే నొక్కుతున్నాను, వాడే దూకట్లేదు.

ఈ ఒక్క ఫిర్యాదులో మూడు వేర్వేరు కష్టాలు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి ఆట చేసినవాళ్ళు కావాలని పెట్టింది. ఇంకొకటి గేమ్ బాయ్ అనే యంత్రానికి ఉన్న పరిమితుల వల్ల తప్పనిసరిగా వచ్చింది. ఈ రెండిటినీ తయారుచేసినవాళ్ళు బేరీజు వేసుకునే పెట్టారు, ఎందుకంటే వాళ్ళు ఆటని పరీక్షించింది ఆ యంత్రం మీదే. మూడోది మాత్రం వాళ్ళ ఊహలో కూడా లేనిది, ఇవాళ మన టీవీ, మన ఫోన్, మన బ్లూటూత్ మధ్యలో చేరి కలిపినది. తిట్లు మాత్రం మొత్తం ఆటకే పడుతున్నాయి. ఈ మూడిటినీ విడదీసి చూస్తే, మూడోదాన్ని చాలావరకు తీసేయొచ్చని అర్థమవుతుంది.

ముందు ఆ కార్టూన్ సంగతి, ఎందుకంటే ఆట రూపం అక్కడినుంచే వచ్చింది. 1992 సెప్టెంబర్‌లో అమెరికాలో ఫాక్స్ ఛానెల్‌లో మొదలైన ఆ సిరీస్‌ని బ్రూస్ టిమ్, ఎరిక్ రాడోమ్‌స్కీ రూపొందించారు. మామూలుగా కార్టూన్ల వెనక దృశ్యాలు తెల్ల కాగితం మీద వేస్తారు, రాడోమ్‌స్కీ మాత్రం నల్ల కాగితం మీద వెలుగుని రంగులతో వేయించాడు. అందుకే బాట్మన్ ఊరైన ఆ గోథమ్ నగరం ఎప్పుడూ చీకట్లోంచి బయటికి వస్తున్నట్టు ఉంటుంది. పాత్రలు కూడా తక్కువ గీతలతో, కోసినట్టు ఉండే అంచులతో, చదరపు దవడలతో ఉంటాయి. వివరాలు తగ్గించి ఆకారంతోనే మనిషిని గుర్తుపట్టేలా గీయడం టిమ్ పద్ధతి. ఒక నల్లటి కేప్, రెండు కొమ్ముల్లాంటి చెవులు కనిపిస్తే చాలు, ఎవరో చెప్పక్కర్లేదు. చిన్న తెరకి ఇంతకంటే అనువైన బొమ్మ దొరకడం కష్టం.

చిక్కు ఏమిటంటే, ఆ బొమ్మ నల్లగా ఉంటుంది, దాని ఊరూ నల్లగా ఉంటుంది, గేమ్ బాయ్‌లో ఉన్నవేమో మొత్తం నాలుగే ఛాయలు. పసుపు కలిసిన ఆకుపచ్చ తెర మీద లేత నుంచి ముదురు దాకా నాలుగు మెట్లు, అంతే. అందులోనూ కదిలే బొమ్మలకి, అంటే స్ప్రైట్‌లకి, మూడే వాడుకోవచ్చు, నాలుగోది పారదర్శకం కింద పోతుంది. పైగా మొదటి గేమ్ బాయ్‌కి తెర వెనక లైటు లేదు. కిటికీ పక్కనో ట్యూబ్‌లైట్ కిందో కూర్చుంటేనే కనిపించేది. అలాంటి తెర మీద చీకటి ఊరిని ఉన్నదున్నట్టు వేస్తే హీరో అందులో మాయమైపోతాడు. అందుకే ఈ యంత్రం మీద ఆటలు చేసేవాళ్ళు సాధారణంగా వెనక దృశ్యాన్ని లేతగా ఉంచి, హీరోని ముదురుగా నిలబెట్టేవాళ్ళు. కార్టూన్లో చీకటి ముందు, వెలుగు తర్వాత. ఇక్కడ ఆ పద్ధతిని తిరగేయాల్సి వచ్చేది.

నింటెండో ఇలాంటి తెర ఎందుకు పెట్టిందనే ప్రశ్నకి జవాబు గున్‌పే యొకోయి దగ్గర ఉంది. గేమ్ బాయ్ వెనక ఉన్న ఇంజనీర్ ఆయనే. పాతబడి, చవకగా దొరికే, అందరికీ లోతుపాతులు తెలిసిన టెక్నాలజీని కొత్త పనికి వాడాలన్నది ఆయన నమ్మకం. 1989లోనే అటారీ లింక్స్ అనే రంగుల తెర, వెనక లైటు ఉన్న హ్యాండ్‌హెల్డ్ వచ్చింది, ఆరు పెన్సిల్ సెల్‌లు వేస్తే నాలుగైదు గంటలు ఆడేది. గేమ్ బాయ్ నాలుగు సెల్‌లతో దానికి రెండు మూడు రెట్లు ఆడేది. జనం ఏది కొన్నారో తెలిసిందే. కానీ ఆ ఎంపిక వల్ల వచ్చిన పరిమితులు ప్రతి ఆట మీదా ముద్ర వేశాయి, ప్లాట్‌ఫార్మ్ గేమ్‌ల మీద మరీ ఎక్కువ.

ఇక్కడ కాస్త లెక్క చూద్దాం, మొత్తం విషయం ఇందులోనే ఉంది కాబట్టి. గేమ్ బాయ్ తెర వెడల్పు 160 పిక్సెల్స్, అంటే బొమ్మని కట్టే చుక్కలు, ఎత్తు 144. టీవీకి తగిలించే నింటెండో ఎన్‌ఈఎస్‌లో అది 256, 240. హీరో బొమ్మ రెండిటిలో ఒకే సైజులో ఉంటే, గేమ్ బాయ్‌లో ముందున్న దారి చాలా తక్కువ కనిపిస్తుంది. అప్పుడు చేసేవాళ్ళ ముందు రెండే మార్గాలు. బొమ్మని బుల్లిగా చేసి దారి ఎక్కువ చూపించడం ఒకటి. 1989లో వచ్చిన సూపర్ మారియో లాండ్ చేసింది అదే, 1990లో సన్‌సాఫ్ట్ గేమ్ బాయ్ కోసం చేసిన బాట్మన్ ఆట కూడా అంతే, అందులో బాట్మన్ చీమంత ఉంటాడు. రెండోది బొమ్మని పెద్దగా, అందంగా గీసి, దారి తక్కువ చూపించి, ఆట వేగాన్ని తగ్గించడం. 1992 నాటి సూపర్ మారియో లాండ్ 2 ఆ దారి పట్టింది. కోనామీ కూడా ఈ రెండో దారే ఎంచుకుంది, ఎందుకంటే కార్టూన్ చూసి ఆట కొన్న పిల్లకి ఆ దవడ, ఆ కేప్, ఆ నడక కనిపించాలి, లేకపోతే కార్టూన్ పేరు పెట్టుకోవడంలో అర్థమే లేదు. నా మటుకు ఆ నిర్ణయం సరైనదే, ఆ చిన్న తెర మీద బాట్మన్ నడుస్తుంటే కార్టూన్ గుర్తొస్తుంది. కానీ దానికి మూల్యం మనం దూరం రూపంలో చెల్లిస్తాం.

ఎంత మూల్యమో ఉదాహరణకి చూడండి. హీరో తెర మధ్యలో ఉన్నాడనుకోండి, 24 పిక్సెల్స్ వెడల్పు ఉన్నాడనుకోండి. అతని ముందు అంచు నుంచి తెర అంచు దాకా 68 పిక్సెల్స్. అతను ఒక్కో ఫ్రేమ్‌కి, అంటే తెర మీద బొమ్మ ఒకసారి మారేలోగా, రెండు పిక్సెల్స్ చొప్పున ముందుకి పోతున్నాడు, అవతలినుంచి ఒక దొంగ ఒక పిక్సెల్ చొప్పున వస్తున్నాడు. ఇద్దరి మధ్య దూరం ఫ్రేమ్‌కి మూడు పిక్సెల్స్ తరుగుతుంది, అంటే దాదాపు 23 ఫ్రేమ్‌లలో ఢీకొంటారు. గేమ్ బాయ్‌లో ఒక ఫ్రేమ్ అంటే 16.74 మిల్లీసెకన్లు, కాబట్టి దొంగ తెర మీదకి వచ్చిన క్షణం నుంచి మీద పడేదాకా మనకున్నది సుమారు 380 మిల్లీసెకన్లు. మనిషి కళ్ళు చూసి, బుర్ర తెలుసుకుని, వేలు కదలడానికి ఇంచుమించు 250 పడుతుంది. ఇక మిగిలింది 130. ఆటలో మన నొక్కుడుని చదివి, తర్వాతి బొమ్మ గీయడానికి రెండు ఫ్రేమ్‌లు తీసేసినా ఇంకా 95 దాకా చేతిలో ఉంటుంది. ఇరుకే గానీ, సాధ్యమే. ఆట కష్టంగా ఉన్నా న్యాయంగా ఉంది అనిపించేది ఇలాంటి చోటే.

ఇప్పుడు ఇదే ఆటని మీరు ఆడుతున్న పరికరం 80 మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తోందనుకోండి. మిగిలేది ఒకే ఒక్క ఫ్రేమ్. ఆట మారలేదు, దొంగ వేగం మారలేదు, మీ వేలూ మారలేదు, కానీ దాటగలిగిన దొంగ దాటలేనివాడైపోయాడు.

మా పిన్ని కొడుకు విషయంలో జరిగింది సరిగ్గా ఇదే. వైట్‌ఫీల్డ్ వైపు హోప్‌ఫారం దగ్గర పీజీలో ఉంటాడు, ఉద్యోగానికి పర్పుల్ లైన్ మెట్రోలో వెళ్ళేటప్పుడు హ్యాండ్‌హెల్డ్‌లో ఈ ఆట బాగానే ఆడేవాడు. ఆదివారం పీజీ హాల్లో ఉన్న పెద్ద టీవీకి హెచ్‌డీఎంఐ వైరు పెట్టి, బ్లూటూత్ కంట్రోలర్ పట్టుకుని అదే స్టేజీ ఆడితే ఒక గట్టు మీద నుంచి పక్క గట్టుకి కూడా పోలేకపోయాడు. "అన్నా, చూడు, అంచు మీదే నొక్కాను కదా! వాడు నడుచుకుంటూ పోయి పడిపోతున్నాడు." నేను తెర చూడడం మానేసి అతని బొటనవేలు చూశాను. వేలు కిందికి దిగడం, బటన్ టక్కుమనడం, ఆ తర్వాత కంటికి తెలిసేంత జాగా ఇచ్చి తెర మీద బాట్మన్ లేవడం. చదువుకున్నవాళ్ళు దీన్ని ఇన్‌పుట్ ల్యాగ్ అంటారు, ఆడేవాళ్ళు ఉట్టి ల్యాగ్ అంటారు. టీవీ సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ ఆన్ చేసి, కంట్రోలర్‌ని వైరుతో తగిలించాక, అదే గట్టు, అదే గెంతు, అవతలి పక్కన దిగాడు.

టీవీ అంతసేపు ఏం చేస్తుందని అడగొచ్చు. సినిమాలు, క్రికెట్ బాగా కనిపించడానికి ఇవాళ్టి టీవీలు వచ్చిన ప్రతి ఫ్రేమ్‌నీ పట్టుకుని, పదును పెట్టి, రంగు సరిచేసి, కొన్నిసార్లు రెండు ఫ్రేమ్‌ల మధ్యలో తామే ఇంకో ఫ్రేమ్ పుట్టించి చూపిస్తాయి. క్రికెట్‌కి అది ఇబ్బంది లేదు, బంతి ఎప్పుడో పడింది, మనం బ్యాట్ ఊపేది లేదు. ఆటకి మాత్రం ప్రతి ఫ్రేమ్ బాకీ కిందే లెక్క. గేమ్ మోడ్ ఆ మెరుగులన్నీ ఆపేసి వచ్చినదాన్ని వచ్చినట్టు తెర మీద పెడుతుంది. ఇదొక్కటి చేస్తేనే ఎక్కువ ల్యాగ్ పోతుంది, పైసా ఖర్చు లేదు, అయినా ఆ మెనూలోకి వెళ్ళి చూసినవాళ్ళు తక్కువ.

ఒరిజినల్ గేమ్ బాయ్‌లో ఈ మధ్యవర్తులెవరూ లేరు. బటన్ నొక్కితే అది నేరుగా ప్రాసెసర్ చదివే చోట పడుతుంది. 4.19 మెగాహెర్ట్జ్ వేగం ఉన్న 8 బిట్ల చిప్, 8 కిలోబైట్ల మెమరీ, బొమ్మలకి మరో 8 కిలోబైట్లు. ఇవాళ ఫోన్‌లో తీసిన ఒక ఫోటో పట్టడానికి కూడా ఇది సరిపోదు. కానీ ఆటకీ బటన్‌కీ మధ్య ఆపరేటింగ్ సిస్టమ్ లేదు, బ్లూటూత్ లేదు, తెర గీయడం కోసం పక్కన పెట్టుకునే ఫ్రేమ్‌ల వరస లేదు. సెకనుకి సుమారు 59.7 సార్లు ఆట బటన్లని చూసి, బొమ్మని కదిపి, తెర మీద గీస్తుంది, అంతే. ఫోన్లో అయితే ముందు గాజు మీద వేలు పడిందని స్పర్శ సెన్సార్ తెలుసుకోవాలి, ఆండ్రాయిడ్ దాన్ని యాప్‌కి అందించాలి, పాత యంత్రంలా నటించే ఎమ్యులేటర్ అనే ప్రోగ్రామ్ తన వంతు వచ్చినప్పుడు చదవాలి, గీసిన బొమ్మ తెర వంతు కోసం ఆగాలి. ఒక్కొక్కటీ కొంచెమే, అన్నీ కలిస్తే మనం ఇందాక అనుకున్న 80 దాకా పోవచ్చు. పైగా గాజు మీద బటన్ అంచు వేలికి తెలియదు, చూపు తెర మీద ఉంటే వేలు పక్కకి జరిగిపోతుంది. అందుకే నేను ఎవరికైనా గట్టిగా చెప్పేది, ప్లాట్‌ఫార్మ్ గేమ్‌ని టచ్ బటన్లతో ఆడి దాని మీద అభిప్రాయం ఏర్పరచుకోవద్దని.

ఆ 59.7 దగ్గర ఇంకో చిన్న తిరకాసు ఉంది. మన తెరలు ఎక్కువగా సెకనుకి 60 సార్లు మారతాయి. ఈ రెండిటికీ పొత్తు కుదరదు కాబట్టి, ఎమ్యులేటర్ ఆటని అసలు వేగంతోనే నడిపితే మూడున్నర, నాలుగు సెకన్లకోసారి ఒక ఫ్రేమ్ రెండుసార్లు కనిపించి, సాఫీగా జరుగుతున్న దృశ్యం ఒక్కసారి తడబడుతుంది. అందుకే చాలా ఎమ్యులేటర్లు ఆటనే అర శాతం కంటే తక్కువ వేగం పెంచి 60కి సర్దేస్తాయి. చెవికి, చేతికి తెలియదు. దీని గురించి ఎవరైనా టెన్షన్ పెడితే పట్టించుకోకండి.

పట్టించుకోవాల్సింది రన్-అహెడ్ అనే సౌకర్యం. ఎమ్యులేటర్లని నడిపే రెట్రోఆర్క్ అనే ప్రోగ్రామ్‌లో 2018లో వచ్చింది. ఇందాక చెప్పాను కదా, ఆట తనంతట తానే ఒకటి రెండు ఫ్రేమ్‌లు తీసుకుంటుందని. రన్-అహెడ్ ఆ సమయాన్ని కూడా దాచేస్తుంది. మీరు బటన్ నొక్కగానే ఎమ్యులేటర్ ఆట మొత్తం స్థితిని భద్రం చేసుకుని, మీకు చూపించకుండా ఒక ఫ్రేమ్ ముందుకి నడిపి, ఆ తర్వాతి బొమ్మని చూపించి, మళ్ళీ వెనక్కి వచ్చి దాచుకున్న చోటినుంచి అందుకుంటుంది. గేమ్ బాయ్ అంత చిన్న యంత్రం కాబట్టి ఇవాళ్టి చిప్‌లు ఇది సెకనుకి అరవై సార్లు అలవోకగా చేసేస్తాయి. టీవీ చేసే ఆలస్యాన్ని కొంత ఇలా ఆటవైపు నుంచి రాబట్టుకోవచ్చన్నమాట.

దీన్ని అడ్డదిడ్డంగా పెంచేస్తే మాత్రం గెంతులో మొదటి బొమ్మలు ఎగిరిపోయి, బాట్మన్ నేల మీద నుంచి గాల్లోకి మాయంగా వెళ్ళినట్టు ఉంటుంది. ఎంత పెట్టాలో కొలిచే పద్ధతి తేలికే. కీబోర్డు ఉన్న కంప్యూటర్‌లో రెట్రోఆర్క్‌తో ఆట నడుపుతూ పీ నొక్కితే ఆట ఆగుతుంది. దూకే బటన్‌ని నొక్కి పట్టుకోండి, వదలొద్దు. ఇప్పుడు కే నొక్కుతూ ఉంటే ఒక్కో నొక్కుకి ఒక్కో ఫ్రేమ్ జరుగుతుంది. మొదటి నొక్కుకి బాట్మన్ కదలడు. ఇంకోసారి నొక్కండి, బహుశా అప్పుడు మోకాళ్ళు వంచుతాడు. ఎన్నో నొక్కుకి కదిలాడో చూసి, అందులోంచి ఒకటి తీసేయండి, రన్-అహెడ్‌లో పెట్టాల్సిన అంకె అదే. కదలని ఆ ఫ్రేమ్‌ని కళ్ళతో చూశాక, ల్యాగ్ అన్న మాట నమ్మకం కిందనుంచి కొలత కిందకి మారుతుంది.

తెర విషయానికొస్తే, ల్యాగ్ అంత కాకపోయినా చూపుని ఇబ్బంది పెట్టేది స్కేలింగ్, అంటే చిన్న బొమ్మని పెద్ద తెరకి సాగదీయడం. మన దగ్గర ఎక్కువగా కనిపించే చవక హ్యాండ్‌హెల్డ్‌ల తెరలు 640, 480 పిక్సెల్స్. గేమ్ బాయ్ బొమ్మని ఎత్తంతా నింపేలా సాగదీస్తే 3.33 రెట్లు అవుతుంది. ఒక పిక్సెల్‌ని మూడో వంతుగా కోయలేం కదా, అందుకని కొన్ని పిక్సెల్స్ మూడు గీతల వెడల్పు, కొన్ని నాలుగు గీతల వెడల్పు వస్తాయి. ఆగి ఉన్న బొమ్మలో తెలియదు, దృశ్యం పక్కకి జరుగుతున్నప్పుడు గోడ ఇటుకలు లావెక్కుతూ సన్నబడుతూ అలలా కదులుతాయి, బాట్మన్ ముఖం కూడా అంతే. ఇంటీజర్ స్కేలింగ్ పెట్టుకుంటే సరిగ్గా మూడు రెట్లు, 480, 432, చుట్టూ నల్లటి అంచు మిగులుతుంది. ఆ అంచు చూసి చాలామంది తెర వృథా అవుతోందని ఆపేస్తారు. ఒక స్టేజీ అలా ఆడి చూడండి, కళ్ళు ఎంత తేలిక పడతాయో. అనలాగ్ పాకెట్ అనే ఖరీదైన పరికరం 2021 చివర్లో వచ్చింది, దాని తెర 1600, 1440, గేమ్ బాయ్‌కి కచ్చితంగా పది రెట్లు. ఆ అంకె వాళ్ళు ఎందుకు ఎంచుకున్నారో ఇప్పుడు మీకు తెలుసు. అది ఎమ్యులేటర్ కూడా కాదు, పాత చిప్‌లోని సర్క్యూట్‌లా తనని తాను అమర్చుకునే ఎఫ్‌పీజీఏ అనే చిప్ మీద నడుస్తుంది, ఆట ఉండే ఒరిజినల్ కార్ట్రిడ్జ్ నేరుగా పెట్టుకోవచ్చు. అంత డబ్బు పెట్టాలని నేను ఎవరికీ చెప్పను. వైరు కంట్రోలర్, గేమ్ మోడ్, రన్-అహెడ్ మూడూ కలిస్తే ఆ అనుభవానికి బాగా దగ్గరగా వస్తాం.

ఒక్క విషయంలో మాత్రం కొత్త తెర పాతదాని కంటే మరీ బాగుండడమే ఇబ్బంది. పాత గేమ్ బాయ్ తెర మందకొడి, ముదురైన పిక్సెల్ వెంటనే లేతపడదు, కదిలే బొమ్మ వెనక తోకలా మరక కనిపిస్తుంది. అది లోపమే, కానీ అప్పటి ఆటగాళ్ళలాగే ప్రోగ్రామర్లకి కూడా అది తెలుసు, కొందరు దాన్ని వాడుకున్నారు. ఒక బొమ్మని ఫ్రేమ్ విడిచి ఫ్రేమ్ చూపిస్తే పాత తెర మీద అది సగం పారదర్శకంగా, నీడలా కనిపిస్తుంది. అదే కొత్త తెర మీద గుడ్డి దీపంలా టపటపా కొట్టుకుంటుంది. యంత్రం పరిమితి ఒకటి దీనికి తోడు: తెర మీద మొత్తం 40 స్ప్రైట్‌లే, ఒక అడ్డ గీత మీద పదికి మించి కనిపించవు. ఒక్కో స్ప్రైట్ వెడల్పు 8 పిక్సెల్స్ కాబట్టి మన 24 పిక్సెల్స్ హీరో ఒక గీత మీద మూడు తినేస్తాడు. అదే సైజు దొంగలు ఇద్దరు వచ్చి, ఒక ఆయుధం గాల్లో ఉంటే పది నిండిపోయింది. ఇంకొకటి వస్తే అది ఆ గీత మీద మాయం, అందుకే వంతులవారీగా మినుకుమినుకుమనిపిస్తారు. పెద్ద బొమ్మలున్న గేమ్ బాయ్ ఆటల్లో శత్రువులు ఒక్కొక్కరుగా వచ్చేది మర్యాద కోసం కాదు, ఈ పది కోసమే. ఎమ్యులేటర్‌లో ఇంటర్‌ఫ్రేమ్ బ్లెండింగ్ అని ఉంటే ఆన్ చేయండి, రెండు ఫ్రేమ్‌లని కలిపి చూపించి ఆ పాత మరకని తగుమాత్రం తిరిగి తెస్తుంది, మినుకు తగ్గుతుంది.

ఇన్ని చేశాక మిగిలేదే కోనామీ పెట్టిన కష్టం, అది ఆడదగ్గ కష్టం. దీనికి పరుగు పనికిరాదు. కొత్త శత్రువు ఎక్కడ తెర మీదకి వస్తాడో చూసి, ఒక అడుగు వెనక్కి వేసి, వాడి నడక ఒకసారి పూర్తిగా చూసి అప్పుడు కదలాలి, ఎందుకంటే వాళ్ళ కదలికలు మారవు. బాట్మన్‌కి హుక్ తాడు ఉంది, అతని జోడీ రాబిన్‌గా ఆడే చోట్ల పద్ధతి వేరు, ఇద్దరినీ ఒకేలా ఆడితే దెబ్బ తింటారు. సేవ్ స్టేట్, అంటే ఆటని ఉన్నచోటే భద్రం చేసుకుని మళ్ళీ అక్కడినుంచే అందుకోవడం, వాడొచ్చా అని అడుగుతారు. నేనైతే విలన్ గది తలుపు దగ్గర ఒకటి పెట్టుకుని, ఆ పోరాటం నేర్చుకోవడానికి వాడతాను. ప్రతి గెంతుకి ముందూ వెనకా పెట్టుకుంటే స్టేజీని నేర్చుకోం, దాటేస్తాం, తర్వాతి స్టేజీలో అదే మెళకువ రెట్టింపు అడిగితే చేతిలో ఉండదు. అప్పట్లో ఒక కార్ట్రిడ్జ్ కొంటే పిల్లలకి నెలల తరబడి అదే ఆట, స్టేజీలు కొద్దివే అయినా మళ్ళీ మళ్ళీ ఆడితేనే వచ్చేలా కట్టడం అందుకే.

ఆట ఎక్కడ దొరుకుతుందన్నది చిక్కు ప్రశ్న, తప్పించుకోకుండా చెప్తాను. బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో, మెజెస్టిక్ దగ్గర నేషనల్ మార్కెట్‌లో వేల ఆటలు నింపిన మెమరీ కార్డుతో హ్యాండ్‌హెల్డ్‌లు అమ్ముతారు. ఆ ఆటలకి ఎవరూ లైసెన్సు తీసుకోలేదు. 1957 కాపీరైట్ చట్టంలో 52(1)(ఏఏ) సెక్షన్ ప్రకారం, ప్రోగ్రామ్ కాపీ ఒకటి చట్టబద్ధంగా మన దగ్గర ఉంటే, పోతుందేమో పాడవుతుందేమో అని బ్యాకప్ తీసుకోవచ్చు. అంటే కార్ట్రిడ్జ్ మన చేతిలో ఉండి, దాన్ని రీడర్‌తో ఫైల్‌గా మార్చుకోవడం ఒకటి, ముక్కూమొహం తెలియనివాళ్ళు నింపిన కార్డు కొనడం వేరొకటి. కార్టూన్ పాత్రల ఆటలు కొత్త యంత్రాల మీదకి అరుదుగా తిరిగి రావడానికి కారణం కూడా హక్కులే: ప్రోగ్రామ్ ఒకరిది, పాత్ర ఇంకొకరిది, అప్పటి ఒప్పందం ఎప్పుడో ముగిసి ఉంటుంది, ఇద్దరూ మళ్ళీ కూర్చుంటేనే కదులుతుంది. పాత కార్ట్రిడ్జ్ కొనేటప్పుడు స్టిక్కర్ అచ్చు, లోపలి బోర్డు చూసుకోండి, నకిలీలు చాలా ఉన్నాయి. కార్డుతో వచ్చిన హ్యాండ్‌హెల్డ్ కొన్నా సరే, ఆ కార్డు మాత్రం వెంటనే మార్చి మంచిది వేసుకోండి. పేరు లేని కార్డులు చెప్పాపెట్టకుండా పోతాయి, వాటితో మీరు దాచుకున్నవన్నీ పోతాయి.

చివరిగా శబ్దం సంగతి. కార్టూన్‌కి షర్లీ వాకర్ పూర్తి ఆర్కెస్ట్రాతో సంగీతం ఇచ్చింది. గేమ్ బాయ్‌కి ఉన్నవి నాలుగు ఛానెళ్ళు, అంటే ఒకేసారి నాలుగు గొంతులే: రెండు పల్స్, ఒక వేవ్, ఒక నాయిస్. గెంతు చప్పుడుకో దెబ్బ చప్పుడుకో వాటిలో ఒకటి కాసేపు అప్పు ఇవ్వాలి, అందుకే కొట్టినప్పుడల్లా పాటలో ఒక గొంతు తప్పుకుని మళ్ళీ వచ్చి చేరుతుంది, ఒకసారి పట్టుకుంటే చెవికి భలే సరదాగా ఉంటుంది. యంత్రం స్పీకర్ ఒకటే, కుడి ఎడమలు హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటేనే వినిపిస్తాయి. పెట్టుకోండి, కానీ వైరు ఉన్నవి. బ్లూటూత్‌వైతే దెబ్బ తగిలాక చప్పుడు వస్తుంది, తెర దగ్గర తీసేసిన ల్యాగ్ మళ్ళీ చెవి దగ్గర మొదలవుతుంది.